మోచేతికి తలుపు తగల్లేదు

లీడ్స్,
ఆదివారం రాత్రి

పూజ్యులైన నాన్నగారికి, నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? డాక్టరు గారు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటున్నారా, లేక కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసుకుని అదే వైద్యం అంటున్నారా?

మొన్న వీడియో కాల్‌లో నా మోచేతికి కట్టు చూసి అమ్మ కంగారుపడితే తలుపు తగిలిందని చెప్పాను. మీరు వెనకాల కుర్చీలో కూర్చుని ఏమీ అనలేదు గానీ, కళ్ళజోడు పైకి తోసుకుని ఓసారి చూశారు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవారికి తలుపు దెబ్బేదో, నేల మీద జారి గీరుకుపోయిన దెబ్బేదో తెలియకపోదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే అమ్మ పక్కనే ఉంటుంది. పైగా మీకు సగం వినబడక అన్నిటికీ "ఆఁ ఆఁ" అంటారు.

జరిగింది ఇది. బుజ్జిగాడి స్కూల్లో స్పోర్ట్స్ డే. ఇక్కడ పిల్లల పందాలన్నీ అయ్యాక తల్లులకో పరుగు, తండ్రులకో పరుగు పెడతారు. మన దగ్గర నిమ్మకాయ-చెంచా పందెం ఉన్నట్టే వీళ్ళకి గుడ్డు-చెంచా. అందులో వాడికి మూడో స్థానం వచ్చింది. ఆ ఉత్సాహంలో నన్ను ముందుకి తోశాడు. ఆఫీసు నుంచి సరాసరి వచ్చానేమో, కాళ్ళకి తోలు బూట్లు. పొద్దున వాన పడి గడ్డి తడిగా ఉంది. ముప్పై అడుగులు బాగానే పరిగెత్తాను, రెండో స్థానంలో ఉన్నాను కూడా. తర్వాత కాలు జారింది. మోచెయ్యి ముందు, మొహం తర్వాత. అందరూ "ఓహ్" అన్నారు. నేను నవ్వుతూ లేచి, చొక్కా దులుపుకుని, ట్రాక్ పక్కగా నడుచుకుంటూ బయటికి వచ్చేశాను.

గీత దాటలేదు నాన్నగారూ. అదీ అసలు సంగతి. మీ స్కూల్లో ఆఖరున వచ్చినవాడికైనా బిళ్ళ ఇచ్చేవారు గానీ, మధ్యలో పక్కకి తప్పుకున్నవాడికి ఇచ్చేవారు కాదు. ఆ రూలు నాకు తెలుసు కాబట్టే తలుపు అన్నాను.

ఆ సాయంత్రం గేటు దగ్గర పక్కింటి పెద్దాయన నా కట్టు చూశాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పుట్టింది లివర్‌పూల్‌లో, అభిమానించేదీ లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టునే. కథంతా విని పడీ పడీ నవ్వి "కీగన్‌వి అయ్యావన్నమాట" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఇంట్లోకి పిలిచి, టీ పెట్టి, పాత వీడియో చూపించాడు. అది మొదలు, రెండు వారాలుగా సాయంత్రాలన్నీ ఆయన సోఫాలోనే గడుస్తున్నాయి. మీ కోడలు విసుక్కుంటోంది.

ఆ కార్యక్రమం పేరు సూపర్‌స్టార్స్. పేరు విని కృష్ణగారి సినిమా అనుకోకండి. రకరకాల ఆటల్లో పేరున్నవాళ్ళని తెచ్చి, పరుగు, ఈత, సైకిలు, బరువులెత్తడం, పడవ నడపడం లాంటి వాటిలో ఒకరితో ఒకరిని పోటీ పెట్టి టీవీలో చూపించేవారు. దాని గమ్మత్తంతా ఒక్క రూల్లో ఉంది. ఎవరి ఆట వాళ్ళు ఆడకూడదు. ఫుట్‌బాల్ వాడికి ఫుట్‌బాల్ లేదు, ఈతగాడికి ఈత లేదు. ఈ ఆలోచన అమెరికాలో డిక్ బటన్ అనే ఆయనది. మంచు మీద స్కేటింగ్‌లో 1948, 1952 ఒలింపిక్స్ రెండిట్లోనూ స్వర్ణం గెలిచిన మనిషి. 1973లో అక్కడ ఏబీసీ ఛానల్లో మొదలైంది. అదే ఏడాది ఇక్కడ బీబీసీ వాళ్ళు అందుకున్నారు.

కెవిన్ కీగన్ వచ్చింది 1976లో. లివర్‌పూల్ ఆటగాడు, అప్పట్లో దేశమంతా మారుమోగే పేరు. పోటీ బ్రాక్‌నెల్ అనే ఊళ్ళో. సైకిలు పందెంలో పక్కన బెల్జియం ఫుట్‌బాలర్ గిల్బర్ట్ వాన్ బిన్‌స్ట్. మీరు చూసి ఉంటే కూర్చున్నచోటే లేచి నిలబడేవారు. ఇద్దరూ తల వంచుకుని తొక్కుతున్నారు, ఒకళ్ళకొకళ్ళు మరీ దగ్గరగా వచ్చేశారు. చక్రానికి చక్రం తగిలింది. కీగన్ సైకిలు మీంచి లేచిపోయి గరుకు ట్రాక్ మీద పడి జారుకుంటూ పోయాడు. ఒంటి మీద ఉన్నది చేతుల్లేని పల్చటి బనీను. లేచి నిలబడేసరికి వీపూ భుజాలూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. పెద్దాయన అక్కడ వీడియో ఆపి, కప్పు బల్ల మీద పెట్టి, "మా అమ్మ ఇక్కడ కళ్ళు మూసుకుంది" అన్నాడు. ఆయనకప్పుడు పద్నాలుగేళ్ళట.

పందెం మళ్ళీ పెట్టారు. వద్దంటే తప్పుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆటలో గాయమైతే క్లబ్బుకీ నష్టమే. అయినా కీగన్ మళ్ళీ సైకిలెక్కాడు, రెండో స్థానంలో వచ్చాడు. ఆ రోజు మొత్తం పోటీ కూడా అతనే గెలిచాడు. ఆ తర్వాత ఆస్పత్రిలో చేరాడు. ఇప్పటికీ ఇక్కడ అరవై దాటినవాళ్ళెవరి దగ్గరైనా సైకిలు మీంచి పడ్డాను అంటే ముందు కీగన్ పేరే వస్తుంది. ఆ రోజు గెలిచింది అతనే అన్నది మాత్రం చాలామందికి గుర్తులేదు!

కీగన్ తర్వాత పెద్దాయన నాకు చూపించింది స్టాన్ బౌల్స్‌ని. ఇతనూ ఫుట్‌బాలరే, క్వీన్స్ పార్క్ రేంజర్స్ జట్టు, అదే 1976. పడవెక్కితే బోల్తా పడ్డాడు. పిస్టల్ చేతికిస్తే గురి తప్పి ఎదురుగా ఉన్న టేబుల్‌ని కాల్చాడు. మొత్తం మీద వచ్చిన పాయింట్లు 7. ఆ కార్యక్రమం చరిత్రలోనే అంత తక్కువ ఎవరికీ రాలేదు. ఇది చూసి బుజ్జిగాడు నేల మీద పడి దొర్లాడు. వాడికి కీగన్ కన్నా బౌల్స్ నచ్చాడు. ఈ విషయంలో వాణ్ణి మీరే దారిలో పెట్టాలి.

మీకు నచ్చే మనిషి వేరే ఉన్నాడు. బ్రయాన్ జాక్స్. జూడోలో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కాంస్యం. పేరుకి జూడో గానీ మనిషి మీరు చెప్పే పాతకాలం తాలింఖానా పహిల్వాన్లలా ఉంటాడు. పారలల్ బార్స్ మీద డిప్స్ ఒక్క నిమిషంలో 100 తీశాడు. మీ పదో తరగతి పిల్లల్లో ఇరవై తీసినవాడికి అరటిపండు ఇచ్చేవారు, గుర్తుందా? ఇంకోటి స్క్వాట్ థ్రస్ట్. చేతులు నేలకానించి రెండు కాళ్ళూ ఒకేసారి వెనక్కి తన్ని మళ్ళీ గుండెల దాకా లాక్కోవడం. దండీలూ బస్కీలూ కలిపి కొట్టినట్టుంటుంది. అవి కూడా అతను మిషన్ కుట్టినట్టు కొట్టాడు. 1979, 1980 రెండేళ్ళూ బ్రిటన్ పోటీలు గెలిచాడు. తర్వాత అతని పేరు మీద పిల్లలకి కంప్యూటర్ ఆట కూడా వచ్చింది. మా హాల్లో కార్పెట్ మీద నేనూ ప్రయత్నించాను, పెద్దాయన గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. ఎన్ని కొట్టానో ఉత్తరంలో రాయను.

ఇప్పుడు మీతో వాదన. 2023లో విశాఖలో సెలబ్రిటీ క్రికెట్ లీగ్ ఫైనల్ జరిగినప్పుడు నేను ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి టీవీ పెట్టమంటే మీరేమన్నారు? "వీళ్ళు కెమెరా కోసం పడతారు, కెమెరా కోసం లేస్తారు. ఒళ్ళు దాచుకునేవాడిది ఆటేమిట్రా" అన్నారు. అఖిల్ కెప్టెన్సీలో మన తెలుగు వారియర్స్ నాలుగో కప్పు గెలిస్తే మీరు ఆ టైములో పెరట్లో అరటి పిలకలు తవ్వుతున్నారు. అంతకు ముందు 2015, 2016, 2017 వరసగా మూడేళ్ళు గెలిచారని చెప్పినా వినలేదు. ఆటగాళ్ళ సంగతి వేరు, నటుల సంగతి వేరు అని మీ పట్టుదల. దీనికి నా దగ్గర ఇప్పుడు జవాబుంది.

అమెరికాలో 1976 నవంబరులోనే పూర్తిగా టీవీ నటులతో పోటీలు మొదలుపెట్టారు. బ్యాటిల్ ఆఫ్ ది నెట్‌వర్క్ స్టార్స్. అక్కడి మూడు పెద్ద ఛానళ్ళకి మూడు జట్లు. మాలిబూలో సముద్రం పక్కన పెప్పర్‌డైన్ యూనివర్సిటీ మైదానంలో ఈత, రిలే, తాడు లాగుడు. బాక్సింగ్ వ్యాఖ్యానానికి పేరు మోసిన హోవర్డ్ కోసెల్ దీనికీ అదే గొంతుతో వ్యాఖ్యానం. సరదాకే పెట్టారు. మొదటి పోటీలోనే రిలే దగ్గర గొడవైంది. ఎన్‌బీసీ జట్టు నిబంధన తప్పిందని ఏబీసీ వాళ్ళు ఫిర్యాదు చేశారు, జరిమానా పడింది. ఎన్‌బీసీ కెప్టెన్ రాబర్ట్ కాన్రాడ్ టీవీ సీరియళ్ళలో ఫైటింగులకి పేరున్నవాడు. నిజంగానే కోపం వచ్చేసింది. ఏబీసీ కెప్టెన్ గేబ్ కప్లాన్ హాస్యనటుడు. దమ్ముంటే మనిద్దరం పరిగెత్తి తేల్చుకుందాం అన్నాడు కాన్రాడ్. సరే అన్నాడు కప్లాన్. ఇద్దరూ గీత మీద నిలబడ్డారు. హాస్యనటుడు పెద్ద తేడాతో గెలిచాడు!

ఆ వీడియోలో కాన్రాడ్ మొహం చూడండి. అందులో నటన ఉంటే నేను మీ కొడుకునే కాను. ముప్పై దాటిన మగవాళ్ళు, డబ్బుకి లోటు లేనివాళ్ళు, ఒక బ్యాటన్ గురించి అంత వేడెక్కిపోయారు. మీ మండల స్థాయి కబడ్డీ ఫైనల్లో రెండు ఊళ్ళ పెద్దలు గీత తొక్కాడు, తొక్కలేదు అని చొక్కాలు పట్టుకున్న రోజే నాకు గుర్తొచ్చింది.

ఒళ్ళు దాచుకోవడం గురించి అంటే, జో ఫ్రేజియర్ కూడా ఉన్నాడు. మహమ్మద్ అలీని మొట్టమొదట ఓడించినవాడు, మీకు తెలిసినవాడే. 1973లో అమెరికా సూపర్‌స్టార్స్ మొదటి పోటీకి వచ్చాడు. ఈతకి పేరిచ్చాడు. నీళ్ళలోకి దూకాక తెలిసింది, ఆయనకి ఈత రాదు. మునిగిపోయేంత పనైంది, ఎలాగో గట్టెక్కాడు. తర్వాత అడిగితే, దూకి చూడకపోతే రాదని నాకెలా తెలుస్తుంది అన్నాడట. మన గోదావరి కాలవలో దూకిన పిల్లవాడు చెప్పే మాటే కదా ఇది? కెమెరా కోసం ఎవరైనా అలా మునుగుతారా?

అన్నీ ఇంత బాగుంటాయని చెప్పను. ఒక విషయంలో మీరే గెలుస్తారు. ఇక్కడ ఛానల్ 4లో 2014 నుంచి 2017 దాకా ది జంప్ అని మంచు మీద స్కీయింగ్ పోటీ వేశారు. పేరున్నవాళ్ళకి కొద్ది వారాలు నేర్పించి కొండ మీంచి దూకించడం. 2016లో ఒకరి తర్వాత ఒకరికి దెబ్బలు. ఒలింపిక్ పతకం గెలిచిన జిమ్నాస్ట్ బెత్ ట్వెడిల్‌కి వెన్నెముక ఎముకలు విరిగాయి. హైజంప్ గోతిలో ఇసుక తిరగేయకుండా ఒక్క పిల్లవాణ్ణి కూడా దూకనివ్వని మీరు అది చూసి ఉంటే టీవీ కట్టేసి ఊరుకునేవారు కాదు, ఛానల్ వాళ్ళకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసేవారు. నాకూ అది చూడబుద్ధి కాలేదు.

నాకు నచ్చేది సాకర్ ఎయిడ్. యూనిసెఫ్ కోసం ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్, 2006లో పాటగాడు రాబీ విలియమ్స్ వాళ్ళు మొదలుపెట్టారు. ఒకప్పటి ఆటగాళ్ళూ, నటులూ, గాయకులూ కలిసి ఆడతారు. మొదటి ఏడాది మారడోనా కూడా ఆడాడు. 2010లో పెనాల్టీల దాకా వచ్చి, ఆఖరి తన్ను హాలీవుడ్ నటుడు వుడీ హారెల్‌సన్‌ది. గోల్ పడింది, అతని జట్టు గెలిచింది. 2014లో ఇంకా తమాషా. ఇంగ్లండ్ తరఫున గాయకుడు ఒలీ మర్స్ అంచు వెంబడి బంతి తీసుకుని దూసుకెళ్తున్నాడు. అవతలి జట్టు మేనేజరు జోస్ మొరీన్యో మైదానంలోకి పరిగెత్తుకొచ్చి కాలు అడ్డం పెట్టి పడేశాడు. స్టేడియం అంతా గొల్లుమంది. అమ్మకి ఇది చూపించండి, లింకు పంపుతాను. మీరు రెఫరీగా ఏం చేసేవారో రాయండి. ఎర్రకార్డా, మేనేజరు కదా అని వదిలేసేవారా?

మళ్ళీ నా సంగతికి వస్తాను. ఆ రోజు కారులో వస్తూ బుజ్జిగాడు వెనక సీట్లోంచి ఒక్కటే అడిగాడు, "నాన్నా, ఇంకా కొంచెమే ఉంది కదా, ఎందుకు ఆగిపోయావు?" అని. దెబ్బ తగిలింది కదా అన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు. దెబ్బ నిజమే గానీ, అది పరిగెత్తలేనంత దెబ్బ కాదు. నలుగురూ చూస్తున్నారని సిగ్గేసింది. వాడికి ఆ మాట ఇంకా చెప్పలేదు, మీకే ముందు చెబుతున్నాను.

వచ్చే ఏడాది కూడా పందెం ఉంటుంది. ఈసారి స్పోర్ట్స్ షూస్ కొన్నాను. వారానికి మూడు రోజులు పార్కులో పరిగెడుతున్నాను, పెద్దాయన బెంచీ మీద కూర్చుని తప్పులు పడుతున్నాడు. తడి గడ్డి మీద మొదటి పది అడుగులు చిన్నగా వెయ్యాలా, ఒళ్ళు ఎంత ముందుకి వంచాలి, మీరు పిల్లలకి చెప్పేవారు కదా, నేను అప్పుడు సరిగ్గా వినలేదు. ఓపిగ్గా రాయండి. బొమ్మ గీసి పంపితే మరీ మంచిది.

మీ పాత ఈల ఎక్కడుందో వెతికి, చిన్నాన్న అక్టోబరులో వస్తున్నాడు కదా, ఆయనకిచ్చి పంపండి. బుజ్జిగాడు అడుగుతున్నాడు.

అమ్మకి మాత్రం తలుపే తగిలిందని ఉంచండి.

మీ కుమారుడు

తా.క. కట్టు విప్పేశాను. మచ్చ పడేటట్టుంది.