రాత్రి డ్యూటీ వాళ్ళతో కూర్చుని మాట్లాడేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

తాగుడు, మత్తు మాత్రలు మానడానికి ఆడవాళ్ళు నెలల తరబడి ఉండి కోలుకునే సెంటర్ల గురించి ఎప్పుడు మాటొచ్చినా బెడ్లెన్ని, డాక్టర్లెంతమంది, బయటికెళ్ళాక ఎంతమంది మళ్ళీ మొదలెట్టారు, ఇవే అడుగుతారు. అక్కడ పనిచేసేవాళ్ళ మంచిచెడ్డలు ఎవరు చూస్తున్నారు అని అడిగినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. అలాంటి ఒక సెంటర్లో స్టాఫ్ సూపర్‌వైజర్‌గా చాలా ఏళ్ళు చేశాను, అందుకే రాస్తున్నాను.

పగలు కౌన్సిలర్లుంటారు, నర్సులుంటారు, మీటింగులుంటాయి. రాత్రి పదయ్యాక మొత్తం బిల్డింగుకి ఒక్క అటెండరో ఇద్దరో, అదీ అందరికంటే తక్కువ ట్రైనింగ్, తక్కువ జీతం ఉన్నవాళ్ళు. కానీ అసలు కష్టమంతా రాత్రే కదా. మానేసిన కొత్తలో నిద్ర పట్టదు, పట్టినా పీడకలలు. బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది, రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పి లేనివి కనపడతాయి. ఇంట్లో దెబ్బలు తిని, అంతకంటే ఘోరాలు పడి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, అలాంటి ఆవిడ గది తలుపు ధడాల్న తీసి మొహం మీద టార్చి వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి, నేనెవరో చెప్పి, లైటు నేల మీద వేసి లెక్క చూసుకోవాలి. ఇంత చిన్న విషయం కూడా ఎవరో కూర్చుని చెప్తేనే తెలుస్తుంది.

నేను చెప్పలేదు. నా డ్యూటీ పగలు, నైట్ స్టాఫ్‌ని పొద్దున హ్యాండోవర్‌లో ఐదు నిమిషాలు చూసేదాన్ని, రిజిస్టర్లో సంతకం ఉందా లేదా అంతే. ఒక రాత్రి ఒకావిడ మా అటెండర్ దగ్గర ఏడ్చి, దొంగచాటుగా నిద్రమాత్రలు వేసుకుంటున్నానక్కా, ఎవరికీ చెప్పనని మాటివ్వు అని అడిగింది. ఈ అమ్మాయి మనసు మంచిది, మాటిచ్చింది, మిగిలిన మాత్రలు ఇద్దరూ కలిసి బాత్రూంలో పడేశారు, మంచి పని చేశామనే అనుకున్నారు. రోజూ వాడే ఆ రకం మాత్రలు తగ్గించుకుంటూ ఆపాలి కానీ ఒక్కసారే ఆపకూడదని ఆ పిల్లకి ఎవరు చెప్పారు గనక! మూడో రోజు ఆవిడకి ఫిట్స్ వచ్చి ఆస్పత్రిలో చేర్చాం, దేవుడి దయవల్ల బతికింది. మేనేజ్‌మెంట్ వెంటనే అటెండర్‌ని తీసేయమంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తనతో గంటసేపు కూర్చోకపోయిన నాది అని రాసిచ్చాను.

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి ప్రతి నైట్ స్టాఫ్‌తో విడిగా గంట కూర్చోవడం మొదలెట్టాను. డ్యూటీ టైంలోనే, జీతం కట్ లేకుండా, షిఫ్ట్ అయిపోయి కళ్ళు మూతలు పడుతున్నప్పుడు కాదు. నేను అడిగే మొదటి ప్రశ్న ఎవరి మీద కోపం వచ్చింది అని, రెండోది ఎవరి మీద ఎక్కువ జాలేసింది అని. ఈ రెండోదాన్లోనే అసలు సంగతులు బయటపడేవి, ఎందుకంటే సొంత ఫోన్ నెంబరివ్వడం, అప్పివ్వడం, రహస్యాలు దాచడం, అన్నీ జాలితోనే మొదలవుతాయి. ఎవరికీ చెప్పను అని మాటివ్వొద్దమ్మా, నీ ప్రాణానికి ప్రమాదమైతే చెప్పాల్సిందే, కానీ నీ పక్కనుండి నీతో కలిసి చెప్తా అను అని నేర్పాను.

ఒకప్పుడు తామే తాగి మానేసి ఇప్పుడు స్టాఫ్‌గా చేస్తున్నవాళ్ళ సంగతి ఇంకా వేరు. వాళ్ళ మాటకున్న బలం ఏ డిగ్రీకీ రాదు. కానీ తను చూసుకున్న మనిషి మళ్ళీ తాగితే ముందు కుదేలయ్యేది వాళ్ళే, నాకూ తాగాలనిపిస్తోంది అని చెప్తే ఉద్యోగం పోతుందేమో అని నోరు మూసుకుంటారు. ఆ మాట భయం లేకుండా చెప్పుకునే చోటు ఒకటుండాలి. బర్నౌట్ అని ఇప్పుడు అందరూ అంటున్న మాటని 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు రాసింది న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో, మత్తుకి అలవాటుపడ్డవాళ్ళకి సాయం చేసే జనం అలిసిపోవడం చూసే. యాభై ఏళ్ళు దాటింది, మనమింకా స్టాఫ్ అలిసిపోతే బద్ధకం అంటున్నాం.

గట్టిగా తిడితేనే మారతారు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1958లో కాలిఫోర్నియాలో మొదలైన సినానాన్ అనే మత్తు మాన్పించే సంస్థలో గుంపుగా కూర్చుని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడమే వైద్యం అనుకున్నారు, పోనుపోను అది హింస దాకా వెళ్ళింది. పైవాళ్ళు తనని అరిస్తే ఆ అటెండర్ రాత్రికి అదే అరుపు లోపలున్న ఆడవాళ్ళ మీద అరుస్తుంది, ఇది నా కళ్ళతో చూశాను.

అలాగని స్టాఫ్‌ని వెనకేసుకురావడమే సూపర్‌విజన్ అనట్లేదు. మాత్రల లెక్క ఇద్దరు చూడాలి. ఉంటున్న ఆడవాళ్ళు స్టాఫ్ మీద కంప్లైంట్ ఇస్తే అది సెంటర్ బయటి మనిషికి నేరుగా చేరాలి, పెట్టె తాళం మా దగ్గరుంటే ఎవరేస్తారు అందులో కాగితం?

ఇలాంటి సెంటర్లకి డబ్బులిచ్చేవాళ్ళకి, తనిఖీకి వెళ్ళేవాళ్ళకి మీ పేపర్ ద్వారా ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి వెళ్ళినప్పుడు బెడ్లు లెక్కపెట్టాక స్టాఫ్ సూపర్‌విజన్ రిజిస్టర్ తెమ్మనండి, అందులో నైట్ షిఫ్ట్ వాళ్ళ పేర్లున్నాయో లేవో చూడండి, కుదిరితే ఒక రాత్రి పదకొండు తర్వాత వెళ్ళి ఆ అటెండర్‌నే అడగండి, నీతో ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు కూర్చుని మాట్లాడారమ్మా అని.

ఇట్లు,
ఒక మాజీ సూపర్‌వైజర్