దహనం ఏర్పాట్లు: మొన్న నాకు తెలిసొచ్చినవి

అందరికీ నమస్కారం. మొన్న పెద్దనాన్నగారి దహనం పనులు నా మీదే పడ్డాయి. ముందే తెలిస్తే ఇంత కంగారు ఉండేది కాదు, అందుకే రాస్తున్నా.

మొదట డాక్టర్ చేత మరణ కారణం రాయించుకోండి. దహనం అయ్యాక మళ్లీ పరీక్షించడానికి ఏమీ మిగలదు, కాబట్టి కాగితాల దగ్గర గట్టిగానే ఉంటారు. ప్రమాదమో, అనుమానమో ఉంటే పోలీసుల అనుమతి వచ్చేదాకా ఆగాల్సిందే. పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాశారా అని అక్షరం అక్షరం చూడండి. మాకు ఒక్క దీర్ఘం పోయి, దాని కోసం మళ్లీ తిరిగాం.

ఒంట్లో పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా అమర్చే చిన్న పరికరం) ఉంటే తప్పకుండా ముందే చెప్పండి. దాని బ్యాటరీ వేడికి పేలుతుంది, తీయించాకే దహనం. ఈ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, చివర్లో పెద్దమ్మే గుర్తుచేసింది. ఉంగరం కూడా అంతే. వేలు ఉబ్బిపోయి రాలేదు. సబ్బునీళ్లు రాసి, మెల్లగా తిప్పుతూ తీశాను. ఆ వేలు చల్లదనం ఇంకా చేతికి తగులుతున్నట్టే ఉంది.

కరెంటు లేదా గ్యాస్ కొలిమిలో వేడి సుమారు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్. గంట నుంచి మూడు గంటలు పట్టొచ్చు, ఆపైన చల్లారాలి. అస్థికలు ఎప్పుడు ఇస్తారో, ఎవరు తీసుకుంటారో ముందే తేల్చుకోండి. పెద్దవాళ్లవి పొడి చేసి ఇస్తే రెండు మూడు కిలోలు ఉంటాయి, చిన్న డబ్బా సరిపోదు.

మరణ ధ్రువపత్రం నాలుగైదు కాపీలు తీసుకోండి. బ్యాంకు ఒకటి, బీమా ఒకటి అడుగుతాయి.

ఏదైనా అడగాలంటే ఫోన్ చేయండి, రాత్రయినా పర్లేదు.