‘ఎయింట్’ను తప్పుల పట్టీలో చేర్చి వదిలేయకండి

సంపాదకులు గారికి, నమస్కారం.

మీ విద్యా పుటలో ఇటీవల వచ్చిన ఇంగ్లీషు పాఠం ‘ఎయింట్’ (ain't) అనే మాటను చదువురానివారి తప్పుగా ఒక్క ముక్కలో తేల్చేసింది. పర్లాకిమిడిలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుడిగా దానికి నేను ఒప్పుకోలేను.

‘యామ్ నాట్’, ‘ఈజ్ నాట్’, ‘ఆర్ నాట్’లకే కాక ‘హ్యావ్ నాట్’, ‘హ్యాజ్ నాట్’లకు కూడా ఈ మాట బదులుగా వస్తుంది. ఒకప్పుడు ఇంగ్లండులో చదువుకున్న కుటుంబాలవారి సంభాషణలోనూ ఇది వినిపించేది. వ్యాకర్తలు, బడిపంతుళ్లు పనిగట్టుకుని ఖండించాకే నాగరికుల నోట తగ్గింది. ‘ఐ ఆర్’ అని ఎవరూ అనకపోయినా, ‘ఎయింట్ ఐ’ అని అడగాల్సిన చోట ‘ఆరెంట్ ఐ’ని మాత్రం ఒప్పుగా చెలామణి చేస్తున్నాం. 1961లో వెబ్‌స్టర్ మూడవ మహానిఘంటువు, అమెరికాలో చదువుకున్నవారు కూడా మాటల్లో దీన్ని వాడుతున్నారని నమోదు చేసినందుకు కూడా అక్కడి పలు పత్రికలు దానిమీద విరుచుకుపడ్డాయి.

సాహిత్యంలో దీని బలం తెలియాలంటే అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ మొదటి వాక్యం చాలు. తాగుబోతు తండ్రికి పుట్టి, బడికి సరిగా వెళ్లని హక్ అనే కుర్రాడు తన కథను తానే చెబుతూ ‘దట్ ఎయింట్ నో మ్యాటర్’ (అదేం పెద్ద విషయం కాదు) అంటాడు. ఇందులో రెండు వ్యతిరేకాలున్నాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి కొట్టేసి అర్థం తిరగబడాలని వ్యాకరణం చదివిన విద్యార్థి అనుకుంటాడు. కాని ఆ పిల్లవాడి నోట రెండో ‘కాదు’ మొదటిదాన్ని మరింత గట్టి చేస్తుందే తప్ప రద్దు చేయదు. ఆ వాక్యాన్ని దిద్దితే వ్యాకరణం నిలుస్తుంది గాని, కుర్రాడు మిగలడు. పైగా ఆ పుస్తకంలోని మాండలికాలను యథాలాపంగా కాక, ఎంతో శ్రమించి వేరువేరుగా రాశానని ట్వేన్ మొదట్లోనే ప్రత్యేకంగా చెప్పుకున్నాడు.

గిడుగు రామమూర్తి పంతులు గారు దశాబ్దాలపాటు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక రూపాలను తప్పులన్నవారికి ఆయన పూర్వకవుల ప్రయోగాలనే ఎత్తి చూపారు. ఎవరు, ఎక్కడ వాడారో చూడనిదే తీర్పు చెప్పకూడదన్న ఆ పద్ధతి ఇంగ్లీషుకూ వర్తిస్తుంది.

పరీక్షలో ‘ఎయింట్’ రాస్తే మార్కులు పోతాయని నేనూ హెచ్చరిస్తాను. అయితే ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ, అమ్మమ్మతో ‘ఏటి’ అని, మాతో ‘ఏమిటండీ’ అనే ఇక్కడి పిల్లలకు, ఏ మాట ఎక్కడ చెల్లుతుందో చెబితే ఇట్టే అర్థమవుతుంది. కాబట్టి ఇలాంటి మాటల పక్కన ‘తప్పు’ అని రాసే బదులు, అవి ఎవరి నోట, ఏ సందర్భంలో వస్తాయో ఒక సాహిత్య ఉదాహరణతో ప్రచురించాలని, ‘ఎయింట్’ పాఠానికి అటువంటి సవరణ రానున్న సంచికలోనే వేయాలని కోరుతున్నాను.

— ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా