శాంతి కమిటీ ఫొటో తర్వాత

సంపాదకుడు గారికి,

రెండు వర్గాల మధ్య గొడవ జరిగితే, మర్నాడో మూడోనాడో పత్రికల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. బల్ల వెనక అధికారులు, అటొకరు ఇటొకరు పెద్దమనుషులు, మధ్యలో కలిపి పైకెత్తిన చేతులు. కింద ‘శాంతి సమావేశం ప్రశాంతం’ అని ఒక ముక్క. అసలు పని ఆ ఫొటో తర్వాతే మొదలవుతుంది, దాని గురించి రాసేవాళ్లు తక్కువ. వర్గాల మధ్య చర్చలు నడపడం, నడిపేవాళ్లకు నేర్పడం మా పని కనుక కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు మనుషుల ఎంపిక. చేతులెత్తిన ఆ ఇద్దరిలో ఒకరికైనా గొడవ వల్లే పలుకుబడి పెరిగి ఉంటుంది. రాజీ కుదిరితే ఆయన గుమ్మం తొక్కేవాళ్లు తగ్గిపోతారు. అందుకని ‘మీలో పెద్ద ఎవరు’ అని అడగకూడదు. ‘రాత్రి పదకొండింటికి ఎవరు గట్టిగా చెబితే మీ కుర్రాళ్లు ఇళ్లలోకి వెళ్తారు’ అని అడగాలి. అప్పుడు వేరే పేర్లు వస్తాయి: ఒక టీచరు, ఒక నర్సు, వ్యాయామశాల నడిపే అతను. రెండువైపులా కలిపి పన్నెండు నుంచి పదహారు మంది చాలు. ఇరవై దాటితే మైకు కావాలంటారు, మైకు వచ్చాక మాటలు పోయి ఉపన్యాసాలు మిగులుతాయి. మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు, పాతికేళ్ల లోపువాళ్లు కనీసం నలుగురు ఉండాలి. రాయి పట్టుకునే వయసువాళ్లను బయట నిలబెట్టి రాళ్ల గురించి ఎంత మాట్లాడినా దండగే.

రెండు పక్షాలకూ కుర్చీలు సమానంగా ఉండాలి, జనాభా లెక్కన కాదు. మొదటి పేచీ ఇక్కడే వస్తుంది: ‘మేం ఎక్కువమందిమి కదా’ అంటారు. నిజమే, కానీ అక్కడ ఓట్లు వేసుకోవడం లేదు. వర్గాల మధ్య పరిచయం వల్ల ద్వేషం తగ్గాలంటే కలిసిన చోట హోదా సమానంగా ఉండాలని అమెరికా మనస్తత్వవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు. తక్కువమంది ఉన్న పక్షం మొహమాటానికి తలూపి వెళ్లిపోతే, ఆ ఒప్పందం గుమ్మం దాటదు.

కలిపి కూర్చోబెట్టే ముందు ఒక్కో పక్షంతో విడిగా రెండు మూడుసార్లు మాట్లాడాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా ఉమ్మడి సమావేశం పెట్టడం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు. విడిగా కూర్చున్నప్పుడు అడగాల్సినవి రెండే: మీ భయం ఏమిటి, అవతలివాళ్లు ఏం చేస్తే అది కొంచెం తగ్గుతుంది? ‘మమ్మల్ని గౌరవించాలి’ అంటే అక్కడితో ఆగకూడదు. ఇంకాస్త తవ్వితే ‘మా ప్రార్థన ముగిశాకే ఊరేగింపు మా వీధిలోకి రావాలి’ అన్నది బయటికొస్తుంది. గౌరవాన్ని కొలిచే సాధనం లేదు, వేళకు గడియారం ఉంది.

ఉమ్మడి సమావేశానికి గంటన్నర, అంతకు మించొద్దు. కుర్చీలు గుండ్రంగా, నడిపేవాళ్లు ఇద్దరు, పక్షానికొకరు. మనిషికి మూడు నిమిషాలు. ఒకే ఒక్క నియమం కచ్చితంగా పాటించాలి: అవతలి మనిషి ‘అవును, నేనన్నది అదే’ అనేదాకా వాళ్ల మాటను తిరిగి చెప్పాలి, జవాబు ఆ తర్వాతే. వినడానికి తేలిక, చేయడానికి మహా కష్టం. ఒకావిడ ‘పిల్లలు ఆ దారిన బడికి వెళ్లడానికి జంకుతున్నారు’ అంటుంది. ఎదుటాయన ‘మీ పిల్లల్ని మేం కొడుతున్నామంటున్నారు’ అంటాడు. ‘నేనలా అనలేదు.’ ‘సరే, మీ పిల్లలకు మేమంటే భయం అంటున్నారు.’ ‘మీరంటే కాదు, సాయంత్రం ఆ మలుపు దగ్గర కూర్చునే గుంపంటే.’ మూడోసారికి గానీ మాట కుదరలేదు. ఈలోగా సమస్య ఒక వర్గం నుంచి ఒక మలుపుకు తగ్గింది. మలుపు దగ్గర దీపం పెట్టొచ్చు, గుంపులోని నలుగురితో మాట్లాడొచ్చు.

తొలి సమావేశంలోనే క్షమాపణ అడిగించకూడదు. ఎవరి తాతలు ముందు కొట్టారన్న చరిత్ర తవ్వకూడదు. ఇద్దరికీ అవసరమై, ఏ ఒక్కరూ ఒంటరిగా చేయలేని చిన్న పనితో మొదలుపెట్టాలి. కలిసి భోజనాలు, స్నేహపూర్వక క్రికెట్ మ్యాచ్ అని సాధారణంగా సూచిస్తుంటారు. వాటి మీద మాకు పెద్ద నమ్మకం లేదు, మ్యాచ్‌లో ఒక పక్షం ఓడి తీరాలి కదా! 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో మనస్తత్వవేత్త ముజఫర్ షరీఫ్ బృందం 22 మంది కుర్రాళ్లను రెండు జట్లు చేసి పోటీలు పెట్టింది. శత్రుత్వం ముదిరాక ఒకేచోట భోజనం పెడితే తిండి విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు, లారీ మొరాయించినప్పుడు మాత్రం కలిశారు. అంతకుముందు పోటీలో అటూ ఇటూ ఈడ్చుకున్న తాడుతోనే ఆ లారీని అందరూ కలిసి లాగారు. పిల్లల్ని అలా ఎగదోయడం తప్పన్న విమర్శ న్యాయమైనదే. తాడు సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదగింది.

ఇక కాగితం. ‘సోదరభావంతో మెలుగుతాం’ అని రాసుకున్న ఒప్పందాన్ని ఎవరూ ఉల్లంఘించలేరు, ఎందుకంటే అందులో ఉల్లంఘించడానికి ఏమీ లేదు. ఢిల్లీలో మతకలహాలు ఆగాలని పట్టిన నిరాహార దీక్షను 1948 జనవరి 18న గాంధీ విరమించేముందు ఢిల్లీ నాయకులు సంతకం చేసిన పత్రం చూడండి, అందులోని మాటలివి. సబ్జీమండీ, కరోల్‌బాగ్, పహాడ్‌గంజ్‌లలో ముస్లింలు మునుపటిలా తిరగగలుగుతారు. వాళ్లు వదిలివెళ్లిన మసీదులు తిరిగి అప్పగిస్తారు. ఖ్వాజా కుతుబుద్దీన్ దర్గాలో ఉత్సవం ఎప్పట్లాగే ఈ ఏడూ జరుగుతుంది. ఇదంతా పోలీసులతో, సైన్యంతో కాకుండా మా సొంత ప్రయత్నంతో చేస్తాం. పేర్లతో సహా పేటలు, చేసేది ఎవరో, ఎలాగో అన్నీ ఉన్నాయి. తొమ్మిది రోజులకే, జనవరి 27న, గాంధీ స్వయంగా ఆ ఉత్సవానికి వెళ్లారు. మాట నిలిచిందో లేదో తెలుసుకోవడానికి అంతకన్నా సూటి పద్ధతి లేదు. ఇప్పటి కమిటీలకూ ఒక నోటుబుక్కు, అందులో మూడు గళ్లు చాలు: పని, చేసే మనిషి, తేదీ. ప్రతి సమావేశం పాత గళ్లు చదవడంతో మొదలవ్వాలి.

పుకారు పుట్టాక సమావేశానికి వ్యవధి ఉండదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కుల, ప్రొటెస్టెంట్ల పేటలు గోడకు అటూ ఇటూ ఆనుకొని ఉన్నచోట 1990లలో ఇరువైపుల కార్యకర్తలకూ మొబైల్ ఫోన్లు ఇచ్చారు. గోడకు ఇటువైపు గుంపు చేరగానే ఇటువాళ్లు అటువాళ్లకు ఫోన్ చేసేవారు, ఎవరి కుర్రాళ్లను వాళ్లు వెనక్కి పంపేవారు. ఇప్పుడు ఫోన్లు అందరికీ ఉన్నాయి, కావలసింది జంటలు. అటొకరు ఇటొకరు చొప్పున మూడు నాలుగు జంటలు, ప్రతి జంటకూ వంతు రాత్రులు. కబురు రాగానే అడగాల్సినవి: ఎక్కడ, ఎప్పుడు, కళ్లారా చూసింది ఎవరు? ‘మా బావమరిది చెప్పాడు’ అంటే ఆ బావమరిదికే ఫోన్ చేయాలి. ఇద్దరూ కలిసి ఆ చోటుకు వెళ్లి చూసి, తెలిసింది మాత్రమే రెండు వైపులా ఒకే మాటల్లో చెప్పాలి. ఖండించేటప్పుడు పుకారును మళ్లీ పూర్తిగా వినిపించకూడదు. ‘ఫలానాచోట ఫలానాది జరగలేదు’ అన్న వాక్యంలో జనానికి చివర్లోని ‘లేదు’ జారిపోయి, ముందున్నదే మిగులుతుంది.

మహారాష్ట్రలోని భివండీ పట్టణంలో 1970లోనూ 1984లోనూ ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1980ల చివర్లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడ మొహల్లా కమిటీలు, అంటే పేటల వారీ కమిటీలు, పెట్టించారు. 1992-93లో పక్కనున్న ముంబయి తగలబడుతుంటే భివండీ నిలబడింది. ఆ కమిటీలు అల్లర్లు లేని రోజుల్లోనే కూర్చున్నాయి, చిల్లర తగాదాలే మాట్లాడుకున్నాయి.

చర్చలకు హద్దూ ఉంది. దెబ్బలు తిన్నవాళ్ల కేసు కోర్టులో నడవాల్సిందే. ‘కమిటీలో రాజీ అయింది, కేసు వెనక్కి తీసుకో’ అని ఒత్తిడి పెట్టిన రోజు ఆ కమిటీ మీద నమ్మకం చస్తుంది. దక్షిణాఫ్రికాలో 1991 సెప్టెంబర్ 14న రాజకీయ హింస ఆపడానికి ప్రభుత్వం, పార్టీల మధ్య జాతీయ శాంతి ఒప్పందం కుదిరి స్థానిక కమిటీలు ఏర్పడ్డా హత్యలు ఆగలేదు. పైస్థాయి నాయకుల తగవు కిందిస్థాయిలో తెగదు. ఊరేగింపుల దారులు, వేళలు ముందుగా మాట్లాడుకోవడం మాత్రం చాలాచోట్ల సాధ్యమైంది.

మీ విలేకరులకు ఒక మనవి. శాంతి సమావేశం ఫొటో వేసిన మూడు నెలలకు అదే చోటుకు మళ్లీ వెళ్లి, కమిటీ నోటుబుక్కు చూపించమనండి. తేదీల గడిలో ఎన్ని పనులకు టిక్కు పడిందో లెక్కపెట్టి, ఆ అంకెను వార్తగా వేయండి. నోటుబుక్కే లేదంటే, అదీ వార్తే.

ఇట్లు,
వర్గాల మధ్య చర్చలు నడిపే కొందరు మధ్యవర్తులు