కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ వార్షిక నివేదిక 2024-25: ఎస్‌టీపీ, మూసీ, హంసలదీవి

సభ్యులందరికీ నమస్కారం. వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు అన్నీ ఎప్పట్లాగే బాగా జరిగినయి, ఫొటోలు గ్రూపులో ఉన్నయి, జమా ఖర్చులు ట్రెజరర్ గారు మీటింగులో చదువుతారు. ఈ ఏడాది కమిటీ టైమంతా తినేసింది మాత్రం మురుగునీళ్లే, కాబట్టి దాని గురించే రాస్తున్నా.

ఎండాకాలంలో మన ఎస్‌టీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) దగ్గర కుళ్లిన గుడ్ల కంపు అందరికీ గుర్తుండే ఉంటది. పాత మెయింటెనెన్స్ వాళ్లు కరెంటు బిల్లు తగ్గించి చూపిద్దామని రాత్రంతా బ్లోయర్లు (ట్యాంకులోకి గాలి కొట్టే మిషన్లు) బంద్ పెడుతున్నారని తేలింది, గాలి అందకపోతే ట్యాంకులో మురుగుని తినే బాక్టీరియా చస్తది, బురద కుళ్లుతది, ఇంక కంపు రాక ఏమొస్తది. వాళ్లని మార్చాం. కొత్త ఆపరేటర్ రోజూ పొద్దున్నే లీటరు జార్‌లో ట్యాంకు నీళ్లు ముంచి అరగంట కదపకుండా పెడతాడు, గోధుమరంగు బురద కిందికి దిగి పైన తేట నీళ్లు నిలబడితే ఓకే, దిగకపోతే ఎవరో బాత్రూముల్లో యాసిడో బ్లీచింగో గట్టిగా పోశారేమోనని ముందు డౌట్ పడతాడు.

నాగోల్‌లో జలమండలి ప్లాంటు 172 ఎంఎల్‌డీది (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు) మన పక్కనే ఉన్నా మనకి ఎస్‌టీపీ ఎందుకు దండగ అని కొందరు అడిగారు. సిటీ ప్లాంట్లు చాలలేదు కాబట్టే. హైదరాబాద్‌లో దాదాపు 1,950 ఎంఎల్‌డీ మురుగు వస్తుంటే అప్పట్లో 25 పాత ప్లాంట్లు శుద్ధి చేసింది 772, అందుకే 2021లో 3,866 కోట్లతో 31 కొత్త ప్లాంట్లు మొదలుపెట్టారు. శుద్ధి కానిదంతా మూసీలోకే పోయింది కదా.

మూసీ తర్వాత ఎటు పోతదో చూద్దామనే కార్తీకమాసం టూర్ పెట్టాం, వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట గుడికి పోయి, అట్నుంచి హంసలదీవి దాకా. అక్కడ కృష్ణ సముద్రంలో కలుస్తది, చుట్టూ మడ అడవులు, వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటయి, చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేది ఆ వేళ్ల మధ్యే. ఉన్నమాట చెప్పాలంటే మన మురుగు మొత్తం అక్కడికి చేరదు, దారిలో కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు) దగ్గర రైతులు పొలాలకి, గడ్డికి మళ్లించుకుంటరు, తర్వాత పులిచింతల, ప్రకాశం బ్యారేజీ ఉన్నయి. అంటే సముద్రం కంటే ముందు మన పాపం మోసేది నల్లగొండ వాళ్లే, ఇది బస్సులో చాలామందికి మింగుడుపడలే. వరదలొచ్చినప్పుడు మాత్రం ప్లాస్టిక్, నైట్రోజన్, ఫాస్ఫరస్ కిందికి కొట్టుకుపోతయి, నీళ్లు మెల్లగా కదిలే మడ కాలువల్లో వీటితో నాచు పెరిగి, అది చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ మొత్తం లాగేస్తది.

అందుకే బీఓడీ (నీళ్లలోని మురుగుని తినడానికి బాక్టీరియాకి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) ఒక్కటి తగ్గితే సరిపోదు. 2019 ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆర్డర్‌లో బీఓడీ 10తో పాటు మొత్తం నైట్రోజన్ కూడా లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటొద్దని ఉంది. గాలి పెట్టినప్పుడు అమ్మోనియా నైట్రేట్ అయితది, కాసేపు గాలి ఆపితే వేరే బాక్టీరియా ఆ నైట్రేట్‌ని మామూలు నైట్రోజన్ గ్యాస్ చేసి గాల్లోకి వదిలేస్తది. అంటే బ్లోయర్ ఆపడం తప్పు కాదు, బిల్లు కోసం రాత్రంతా ఆపడం తప్పు. ఇప్పుడు టైమర్ పెట్టాం, కంపు పోయింది, ఆ నీళ్లే ఫ్లష్‌కి, మొక్కలకి వాడుతున్నాం, ట్యాంకర్లు తగ్గినయి.

తగ్గనిది ఒకటే, బార్ స్క్రీన్‌కి (ప్లాంటులోకి చెత్త పోకుండా ఆపే ఊచల జల్లెడ) చుట్టుకునే బేబీ వైప్స్, ప్యాడ్లు. తీసేది ఆపరేటరే, చేతికి గ్లవ్స్ ఉన్నా అది ఎవరికైనా ఇష్టమైన పనా? పేర్లు రాయట్లేదు గానీ ఏ బ్లాక్ లైన్లోంచి వస్తున్నయో తెలుసు. జనరల్ బాడీలో ఓకే చేయాల్సినవి రెండున్నయి: నెలనెలా నైట్రోజన్ టెస్టు ఖర్చు, వాడిన వంటనూనె సింకులో కాకుండా పోయడానికి ప్రతి బ్లాక్ కింద ఒక డబ్బా.