విషయం: 23 రోజులుగా మీరు 'పైకి పంపుతూనే' ఉన్న నా స్కానింగ్ మెషిన్ ప్రోబ్ ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

మీ పేరు రాయనందుకు ఏమీ అనుకోకండి. 11 సార్లు అడిగినా మీవాళ్లెవరూ చెప్పలేదు.

టీవీఎస్ ప్రోబ్‌తో (యోనిలోంచి స్కాన్ చేసేది) చూస్తే తెరమీద నల్ల చార పడుతోందని మొదటిరోజే ఫొటోతో సహా పంపాను. ఒకమ్మాయి "ఆఫ్ చేసి ఆన్ చేశారా మేడమ్?" అంది. చేశాను. మర్నాడు ఇంకో అబ్బాయి, అదే ప్రశ్న. మూడో ఆయనైతే, పొట్టమీద పెట్టే ప్రోబ్ బాగానే ఉందిగా, దాంతో సర్దుకోమన్నాడు.

ఎంత తేలిక! ఆరు వారాల గర్భం, ఎడమవైపు నొప్పి, కాస్త బ్లీడింగ్‌తో వచ్చినామెకు ఆ మాట ఆయన్నే చెప్పమనండి. బీటా హెచ్‌సీజీ (రక్తంలో గర్భం హార్మోన్) 4,200, ఆపాటికి గర్భసంచిలో గర్భం కనబడాలి, చూస్తే ఖాళీ. అంటే గర్భం ట్యూబులో నిలిచిందేమో వెతకాలి. పొట్టమీద నుంచి అంత చిన్నది దొరకడం కష్టం. లోపలి ప్రోబ్‌తో చూద్దామంటే, మీ చార సరిగ్గా ఎడమ అండాశయం పక్కనే. ప్రోబ్ ఎటు తిప్పితే అదీ అటే. చివరికి వేరే సెంటర్‌కి పంపాను. అక్కడ అండాశయం పక్కన తెల్లటి రింగు (ట్యూబులో నిలిచిన గర్భం అదే), గర్భసంచి వెనకాల రక్తం కనబడ్డాయి. ఆ రాత్రే ఆపరేషన్ అయింది. ఆమె క్షేమం. అందులో మీ పుణ్యం ఏమీ లేదు.

ఇదంతా నాలుగో ఏజెంటుకి చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని కాగితం చూసి చదివినట్టు చదివి, హోల్డ్‌లో పెట్టాడు. 22 నిమిషాలు మీ సంగీతం విన్నాక లైన్ కట్. సాయంత్రానికి మెసేజ్: "మీ సమస్య పరిష్కారమైంది. దయచేసి రేటింగ్ ఇవ్వండి."

12 ఏళ్లలో మీ దగ్గర మూడు మెషిన్లు కొన్నాను. ఏఎంసీ (ఏటేటా కట్టే మెయింటెనెన్స్) డబ్బు ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. నా మాట నమ్మి ఇంకో ఇద్దరు డాక్టర్లూ మీ మెషిన్లే కొన్నారు. ఇప్పుడు వాళ్లకి మొహం చూపించలేకపోతున్నాను. మీ సేల్స్ కుర్రాడు మాత్రం మొన్న కూడా కొత్త మోడల్ బ్రోచర్ పట్టుకొచ్చాడు. ప్రోబ్ సంగతి అడిగితే, నేనిచ్చిన కాఫీ తాగుతూ "అది వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్" అన్నాడు.

శుక్రవారంలోగా ఇంజినీరైనా రావాలి, ఇంకో ప్రోబైనా రావాలి. లేదంటే శనివారం మా లాయరు మాట్లాడతారు, ఆయన్ని హోల్డ్‌లో పెట్టి చూడండి. వచ్చే ఇంజినీరు మాత్రం ఆఫ్ చేసి ఆన్ చేయమని అనకూడదు.

ఇట్లు,
మీ లెక్కలో సమస్య తీరిపోయిన పాత కస్టమరు