డేగ పుంజు పొక్కులు గిల్లొద్దమ్మా

సస్కటూన్, కెనడా,
నవంబర్ 28

అమ్మకు,

ఇక్కడ మేమంతా బాగున్నాం. నాయన మోకాలి నొప్పి ఎట్లుందో ఈసారైనా దాచకుండా చెప్పు.

నిన్న వీడియో కాల్‌లో డేగ పుంజును ఒళ్లో పెట్టుకుని చూపించావు కదా, అప్పటినుంచి నా మనసు మన దొడ్లోనే ఉంది. తలమీది జుట్టు నిండా మినపగింజలంత నల్లటి పొక్కులు. గొంతు కింద వేలాడే ఎర్రతోలు మీద ఇంకో నాలుగు. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే నువ్వు గోటితో ఒక పొక్కును లేపావు. కింద నెత్తురు బొట్టు మెరిసింది. నేను వద్దని అరిచేలోపే సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం. అక్కతో రెండుసార్లు చదివించుకో.

అవ్వ "కోళ్లకు అమ్మవారు పోసింది" అనేది చూడు, ఇది అదే. కోడి మశూచి. వైరస్ వల్ల వస్తుంది. మన పాకాల వైపు ఈ నెలల్లోనే ముసురు, గుంటల్లో నీళ్లు, దోమలు. రోగమున్న కోడిని కుట్టిన దోమ ఇంకోదాన్ని కుడితే అంటుకుంటుంది. ఈకలు లేనిచోట దోమకు కుట్టడం సులువు, అందుకే పొక్కులన్నీ జుట్టు మీద, కళ్ల చుట్టూ, గొంతు కింద. మనుషులకు ఇది అంటదు. పాప గురించి టెన్షన్ పడొద్దు.

ఆ వైరస్‌ను చంపే మందు లేదమ్మా. పొక్కు ఎండి, మూడు నాలుగు వారాల్లో తనంతట తానే రాలిపోతుంది. గిల్లితే పుండై చీము పడుతుంది. రాలిన పెచ్చుల్లో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది, కాబట్టి ఊడ్చి కాల్చెయ్యి, పెంటకుప్పలో మాత్రం వెయ్యొద్దు. పక్కింటి పెద్దమ్మ కిరసనాయిలు రాయమన్నదని చెప్పావు. పెద్దమ్మ మంచికే చెప్పింది కానీ, కిరసనాయిలు తోలును కాలుస్తుంది, కంట్లో పడితే కన్నే పోతుంది. దాని బదులు బెటాడిన్‌లో దూది ముంచి పొక్కుల మీద అద్దు, రుద్దొద్దు. అవ్వ పూసినట్టు వేపాకు, పసుపు నూరి పూస్తానంటే కాదనను, కంటికి మాత్రం దూరంగా. కన్నును కాచి చల్లార్చిన నీళ్లతో రోజుకు రెండు పూటలా తుడువు.

రెండు కళ్లూ మూసుకుపోతే కోడికి మేత కనబడదు. రోగంతో కాదు, ఆకలితో చచ్చిపోతుంది. రాగిసంగటి చిన్నచిన్న ఉండలు చేసి ముక్కు దగ్గర పెట్టు, నీళ్లలో ముక్కు ముంచి తాగించు. ఒకసారి నోరు తెరిచి చూడు. లోపల పసుపుపచ్చటి పొర కట్టి ఉంటే, ఊపిరికి ఎగపోస్తుంటే ఇంట్లో పెట్టుకోవద్దు, పశువుల ఆసుపత్రికి తీసుకుపో.

నీకు ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణముంది. పోయిన జనవరిలో ఇక్కడ మైనస్ ముప్పై దాటింది. నా కోళ్లకు చలి పెడుతుందని గూటికి ఉన్న గాలికంతలన్నీ గోనెసంచులతో కుక్కి మూసేశాను. వాటి ఊపిరి, రెట్టల తేమ అంతా లోపలే నిలిచిపోయింది. తెల్లారేసరికి పుంజు జుట్టు కొసలు పాలిపోయి ఉన్నాయి, నాలుగు రోజులకు బొగ్గులా నల్లబడ్డాయి. చలికి కండ చచ్చిపోయిందన్నమాట. ఆ నల్లటి కొసలు చూడలేక కత్తెర తీసుకున్నాను. ఇక్కడి పశువుల డాక్టరమ్మ ఆపింది. చచ్చిన తోలే కింద బతికున్న కండకు మూత, దాన్ని తీసేస్తే పుండు తెరిచినట్టే అంది. గాలికంతలు తెరిపించింది, గడ్డి పొడిగా ఉంచమంది. ఎండాకాలం వచ్చేసరికి కొసలు వాటంతటవే రాలిపోయాయి. ఇప్పుడా పుంజు జుట్టు మొండిగా ఉంటుంది కానీ, కూత మాత్రం తగ్గలేదు.

జుట్టు మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే అది మశూచి కాదు, తామర లాంటిది. దానికి మందు వేరు, అది మనుషులకూ అంటుకోవచ్చు. జుట్టు మొత్తం నీలంగా మారి, కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే ఒక్కదాన్నీ ముట్టుకోవద్దు, కోసి వండొద్దు. వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చెయ్యి.

డేగను, పొక్కులు లేచిన ఆ రెండు పెట్టలను వేరే గంప కింద పెట్టు. గంప మీద పాత దోమతెర కప్పు. మిగతా కోళ్లకు, కోడిపిల్లలకు టీకా వేయించాలి. రెక్క తోలులో సూదితో పొడుస్తారు. వారం పది రోజుల తర్వాత పొడిచినచోట చిన్న పొక్కు లేస్తే టీకా పట్టినట్టు. మన ఊళ్లో దొరక్కపోతే తమ్ముణ్ని తిరుపతి పంపించు. అక్కడి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, ఎలా వేయించాలో వాళ్లను అడిగి రమ్మను. బస్సు ఖర్చు నేను పంపిస్తాను.

రోజూ పొద్దున ఎండలో డేగ ఎడమ కన్ను ఫోటో తీసి పంపమని అక్కకు చెప్పు. ఇక్కడ అప్పటికి రాత్రి. చూసే పడుకుంటాను.

నీ బిడ్డ